"షాక్ ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగారు. సినిమాల్లో మన ఉద్యోగాలు ఇలాగే ఎందుకుంటాయి?

పెరంబూర్ సిస్టర్

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో 11 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, ప్రస్తుతం ఐసీయూలో. మొన్న నైట్ డ్యూటీలో జరిగింది మనసులోంచి పోవడం లేదు. ఇంట్లో చెప్పుకుంటే మా ఆయన భయపడతారు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మన తెలుగువాళ్లే, బోర్డర్ అవతలి ఊరి నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. తెల్లవారుజామున మూడున్నరకు ఆయన గుండె ఆగిపోయింది. కోడ్ బ్లూ, అంటే గుండె ఆగినప్పుడు టీమ్ అందరినీ పిలిచే అలారం, పిలిచాం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, కాబట్టి మనిషి మార్చి మనిషి నొక్కుతాం. ఒకరు ఊపిరి అందించే అంబు బ్యాగ్ పట్టుకుంటారు, ఒకరు మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి అడ్రినలిన్ మందు ఇస్తారు, ఒకరు గడియారం చూస్తూ రాస్తూ ఉంటారు. అరగంట పైగా చేశాం. మానిటర్‌లో గీత లేవలేదు.

బయటికి వచ్చి డాక్టర్ చెప్పగానే వాళ్లబ్బాయి నా వైపు తిరిగి, "షాక్ ఎందుకు ఇవ్వలేదు? డబ్బు కట్టలేదనా?" అని గట్టిగా అరిచాడు. నేను ఏం చెప్పాలి? గీత తిన్నగా ఉంటే షాక్ పనిచేయదు. గుండె లయ తప్పి గజగజ వణుకుతున్నప్పుడు ఆ వణుకును ఒక్కసారిగా ఆపడానికి షాక్ ఇస్తారు. అప్పుడు గుండె తన లయ తాను అందుకునే వీలుంటుంది. ఏ కదలికా లేని గుండెలో షాక్ ఆపడానికి ఏముంది? కానీ ఆ అబ్బాయి చిన్నప్పటి నుంచి చూసిన ప్రతి సినిమాలో గీత తిన్నగా అవుతుంది, రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి ఛాతీకి ఆనించగానే మనిషి ఎగిరిపడి కళ్లు తెరుస్తాడు. వాళ్ల నాన్నకు మేము అది కూడా చేయలేదని అతను జీవితాంతం అనుకుంటాడు. నాకు బాధ అక్కడ.

మీ ఉద్యోగాల్లో కూడా ఇలా జరుగుతుందా? సినిమాలో తప్పు చూపించారని నవ్వుకోవడం గురించి కాదు. ఆ తప్పు తిరిగి మీ దగ్గరికి మనిషి రూపంలో వచ్చిందా అని అడుగుతున్నాను.

ఓఎమ్మార్ టెస్టర్

అక్కా, మీకు జరిగింది చదివి బాధేసింది. కానీ నాది వేరే అభిప్రాయం. రెండున్నర గంటల సినిమాలో అరగంట ఛాతీ నొక్కుతూ చూపించలేరు కదా. సినిమాకు వెళ్లేది రోజంతా చేసిన పని మర్చిపోవడానికి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. సినిమాలో నాలాంటివాడు పది సెకన్లు కీబోర్డు కొట్టి బ్యాంకు సర్వర్‌లోకి దూరిపోతాడు. నాకేం కోపం రాలేదు. ప్రేక్షకులకు ఆ మాత్రం తేడా తెలియదా?

సెంట్రల్–గూడూరు

తమ్ముడూ, తెలియదు. నేను లోకో పైలట్‌ని, చెప్తా విను.

సినిమాలో పట్టాల మీద మనిషి నిలబడి ఉంటే డ్రైవర్ బ్రేక్ వేస్తాడు, బండి కీచుమంటూ వచ్చి మోకాళ్ల ముందు ఆగుతుంది. మా సెక్షన్‌లో ఇప్పుడు గంటకు 130 కిలోమీటర్ల దాకా వేగం ఉంది. ఎమర్జెన్సీ బ్రేక్ వేసినా నిండు ప్యాసింజర్ బండి ఆగడానికి కిలోమీటరు అటూ ఇటూ పడుతుంది. రైలుకు పక్కకు తిప్పడం అనేదే లేదు. మనిషి కనపడిన క్షణం నుంచి నా చేతిలో ఉండేది హారన్, బ్రేక్, అంతే. కొన్నిసార్లు ఆ మనిషి మా కళ్లలోకి చూస్తారు. అక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

నా సర్వీసులో ఇలాంటివి నాలుగు జరిగాయి. ఒకసారి ఒక గేటు దగ్గర, బండి చాలా దూరం వెళ్లి ఆగాక, ఊళ్లోవాళ్లు రాళ్లు పట్టుకుని ఇంజను దగ్గరికి వచ్చారు. "కనపడ్డాడు కదా, బ్రేక్ ఎందుకు వేయలేదు" అని వాళ్ల ప్రశ్న. వేశాం. వేసినా అంతే. వాళ్లకు ఎవరు చెప్తారు? నా అసిస్టెంట్ కొత్త కుర్రాడు, ఒళ్లంతా వణుకుతున్నాడు. వివరం తర్వాతి స్టేషన్‌కు తెలియజేసి, అదే బండిని అదే ఇద్దరం మిగతా దూరం నడిపాం. లోపల వెయ్యి మందికి పైగా నిద్రపోతున్నారు మరి.

ఇంకొకటి. సినిమాలో డ్రైవర్ ఒక్కడే ఉంటాడు, కిటికీకి ఆనుకుని టీ తాగుతుంటాడు. ఇంజనులో ఇద్దరం ఉంటాం. ప్రతి సిగ్నల్‌కూ చెయ్యి చాపి గట్టిగా చెప్పుకోవాలి. ఆకుపచ్చ అయితే ప్రొసీడ్, రెండు పసుపులైతే అటెన్షన్, ఒక పసుపు అయితే కాషన్. ఒకరు చెప్పింది ఇంకొకరు మళ్లీ పలకాలి. ఇవి కాక విజిలెన్స్ పరికరం ఒకటి ఉంటుంది. నిమిషం పాటు మా చేతి కదలిక లేకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ పలక్కపోతే బండి దానంతటదే బ్రేక్ వేసుకుంటుంది. రాత్రంతా ఇద్దరు మనుషులు ఒకరికొకరు రంగులు చెప్పుకుంటూ నడిపే పని ఇది. ఒక్క సినిమాలో నాకు ఆ గొంతులు వినపడలేదు.

పెరంబూర్ సిస్టర్

అన్నా, "అదే ఇద్దరం నడిపాం" అన్నచోట ఆగిపోయాను. మాకూ అంతే. కోడ్ బ్లూ అయిపోయిన పది నిమిషాలకు పక్క బెడ్ పేషెంటుకు షుగర్ చూడాలి.

ప్యారిస్ కార్నర్ వకీలు

నేను లాయర్ని, సీనియర్ దగ్గర జూనియర్‌గా ఆరేళ్లు అయింది. మా గురించి వచ్చినన్ని తప్పులు ఇంకెవరి గురించీ రాలేదేమో.

ముందుగా ఆ సుత్తి. మన దేశంలో జడ్జిలు సుత్తి కొట్టరు. నేను ఏ కోర్టు బెంచి మీదా చూడలేదు. రెండోది భగవద్గీత. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుని పేరు మీద ప్రమాణం చేయవచ్చు, దేవుడి పేరు వద్దనుకుంటే సత్యనిష్ఠతో చెప్తానని ప్రకటించవచ్చు. ఏ పుస్తకం మీదా చెయ్యి పెట్టనక్కర్లేదు. ఇక "మిలార్డ్". 2006లోనే లాయర్ల సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక తీర్మానం చేసింది. హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్" అంటే చాలు, కింది కోర్టుల్లో "సర్" అన్నా చాలు అని. అలవాటుగా ఇంకా చాలామంది అంటారు, అది వేరే సంగతి.

ఇవన్నీ పైపైవి. అసలు తప్పు వేరే చోట ఉంది. సినిమాలో లాయర్ వరసగా ప్రశ్నలు విసురుతాడు, సాక్షి చెమటలు పట్టి కూలిపోతాడు. నిజమైన కోర్టులో ఆ వేగం సాధ్యం కాదు, ఎందుకంటే అక్కడ టైపిస్టు ఉంటారు. నేను ఒక ప్రశ్న వేస్తాను, సాక్షి జవాబిస్తాడు, జడ్జిగారు ఆ జవాబును ఒక వాక్యంగా చెప్తారు, టైపిస్టు కొడతారు. అది అయ్యేదాకా ఆగాలి. తర్వాత ఇంకో ప్రశ్న. చివర్లో సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. కేసు గెలిచేది ఓడేది ఆ కాగితం మీద ఏం పడింది అనే దాని మీదే. నా గొంతు ఎంత లేచింది అనేది అందులో రాదు. ఒక్క సినిమాలో టైపిస్టును చూశారా మీరు?

సిస్టర్ అడిగిన ప్రశ్నకు వస్తాను. ఒక ఆస్తి కేసులో తిరుత్తణి వైపు నుంచి ఒక పెద్దావిడ సాక్ష్యానికి వచ్చారు. బోనులోకి ఎక్కి చేతులు చాచి దేనికోసమో వెతుకుతున్నారు. "ఏం కావాలమ్మా" అని అడిగితే "పుస్తకం ఏది నాయనా" అన్నారు. అక్కర్లేదని చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే నా మాట నమ్మరా?" అన్నారు. పుస్తకం పెట్టలేదు కాబట్టి తన సాక్ష్యం చెల్లదని ఆవిడ నిజంగా అనుకున్నారు. సాక్ష్యం చెప్తున్నంతసేపూ ఆ భయం పోలేదు.

క్లయింట్లయితే సరేసరి. వాయిదా కోసం మా సీనియర్ రెండు నిమిషాలు మెల్లగా మాట్లాడి కూర్చుంటే, "ఈయన గట్టిగా మాట్లాడలేదు, లాయర్‌ని మారుద్దాం" అనుకుంటూ వెళ్లినవాళ్లను చూశాను. ఆ రెండు నిమిషాల వెనక రెండు రాత్రుల చదువు ఉంటుంది.

సాలిగ్రామం

పిల్లలూ, నేను చదువుతూ ఉండబట్టలేక రాస్తున్నాను. తెలుగు సినిమాలు ఇక్కడే తీసే రోజుల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాను. వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో ఎన్నో కోర్టులు కట్టాను, ఆస్పత్రులు కట్టాను. మీరు తిడుతున్న ఆ సుత్తిని టేబుల్ మీద పెట్టిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి.

ఎలా జరుగుతుందో చెప్తాను. రేపు ఉదయం ఏడింటికి కోర్టు సెట్ కావాలంటారు. మేము సామాను అద్దెకిచ్చే చోటికి మనిషిని పంపేవాళ్లం. "కోర్టు" అంటే చాలు, బోను, కళ్లకు గంతలు కట్టిన న్యాయదేవత, సుత్తి, ఎర్ర బట్ట చుట్టిన పుస్తకం, అన్నీ కలిపి ఒకే బండిలో వచ్చేవి. మేము కోర్టును చూసి కోర్టు కట్టలేదు. అంతకుముందు సినిమాలో కోర్టు ఎలా ఉందో చూసి కట్టాం. వాళ్లు ఇంకా ముందు సినిమా చూసి కట్టారు. హైకోర్టు మా స్టూడియో నుంచి బస్సెక్కితే వచ్చేంత దూరంలో ఉంది. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. సుత్తి తీసేసి ఉంటే డైరెక్టర్ "ఏమయ్యా, ఇది కోర్టులాగా లేదు" అనేవారు. ప్రేక్షకులూ అదే అనేవారు.

అది సరైన పని అని నేను అనడం లేదు. ఆ పెద్దావిడ పుస్తకం కోసం చేతులు చాచిందని చదివాక మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

పెరంబూర్ సిస్టర్

బాబాయ్ గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఒక సందేహం ఉంది, తీరుస్తారా? సినిమాలో ఛాతీ నొక్కేటప్పుడు మోచేతులు ఎప్పుడూ వంగే ఉంటాయి. మాకు మొదటి రోజు నేర్పేదే మోచేతులు నిటారుగా ఉండాలని, ఒంటి బరువంతా దిగాలని. అంత చిన్న విషయం ఎవరూ ఎందుకు అడగరు?

సాలిగ్రామం

దానికి కారణం ఉంది తల్లీ. మంచం మీద పడుకున్నది బతికున్న మనిషి. నువ్వు చెప్పినట్టు నిజంగా నొక్కితే అతని పక్కటెముకలు విరుగుతాయి. అందుకని నటుడు మోచేతులు వంచి నొక్కినట్టు ఊగుతాడు. బరువు కిందికి దిగదు. కావాలంటే నటుడి భుజాల నుంచి పైకి మాత్రమే చూపించి కింద దిండు పెట్టి నిజంగా నొక్కించవచ్చు, లేదా బొమ్మను పెట్టవచ్చు. టైమ్ పడుతుంది. షాట్ మార్చాలి, లైటు మార్చాలి. "పర్లేదు, ఊగితే చాలు" అంటారు.

మానిటర్ సంగతి కూడా చెప్తాను. తిన్నటి గీత, టీఁ అని శబ్దం. చదువు రానివాళ్లకు కూడా చావు అని అర్థమవుతుంది. నువ్వు చెప్పిన వణుకు గీత పెడితే చిన్నపిల్లల పిచ్చిగీతల్లా ఉంటుంది, హాల్లో ఎవరికీ అర్థం కాదు. అందుకని చావు గీత పెట్టి, షాక్ కూడా పెట్టారు. రెండూ కలపకూడదని మాకు చెప్పినవాళ్లు లేరు. మేము అడగనూ లేదు.

పెరంబూర్ సిస్టర్

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ బాబాయ్. నిజంగా చేస్తే పక్కటెముకలు విరుగుతాయి అన్నారే, మాకు అదే జరుగుతుంది. పెద్దవాళ్లకు నొక్కుతుంటే ఎముక విరిగిన శబ్దం చేతికి తెలుస్తుంది. అయినా ఆపకూడదు. ఆ విషయం బయటివాళ్లకు తెలియదు కాబట్టే, తొంభై ఏళ్ల మనిషికి కూడా "అన్నీ చేయండి" అని రాసిస్తారు.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది, మా క్లాసులో చెప్పారు. అమెరికా టీవీలో మూడు కార్యక్రమాలు తీసుకుని, వాటిలో గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కిన 60 సందర్భాలను లెక్కేశారు. టీవీలో నూటికి 75 మంది అప్పటికప్పుడు బతికారు, 67 మంది బతికే ఇంటికి వెళ్లినట్టు చూపించారు. నిజంలో అంతమంది బతకరు, అందుకే ఐసీయూలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఆ అంకెలు చూస్తే నోట మాట రాదు.

పుళియంతోపు అమ్మాయి

నేను ఇక్కడ కొత్త. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా అమ్మ పారిశుధ్య కార్మికురాలు. మా తాతల కాలంలోనే ఈ పని కోసం ఆంధ్రా నుంచి మద్రాసు వచ్చారు. మాలాంటి తెలుగు కుటుంబాలు ఉత్తర చెన్నైలో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవడం నేను సొంతంగా నేర్చుకున్నాను.

సినిమాలో మా అమ్మ ఉద్యోగం రెండు రకాలుగానే వస్తుంది. ఒకటి కామెడీకి. తాగి, చీపురు పట్టుకుని, యాసలో అరిచే మనిషి. రెండోది ఏడిపించడానికి. నల్లటి నీళ్లలోంచి పైకి వచ్చే మనిషి, వెనక విషాద సంగీతం. రెండింట్లోనూ పని కనపడదు. అమ్మ పొద్దున్న ఆరింటికల్లా హాజరు వేయించుకోవాలి. ఏ వీధిలో ఏ ఇంటివాళ్లు తడి చెత్తలో గాజు పెంకులు వేస్తారో అమ్మకు గుర్తు. సంచి ఎత్తగానే బరువును బట్టి లోపల ఏముందో చెప్తుంది. చెత్త నిబంధనల ప్రకారం తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుచేసి ఇవ్వాల్సింది ఇంటివాళ్లు. చాలా ఇళ్లలో అవన్నీ ఒకే సంచిలో వస్తాయి, అమ్మ చేతులతో వేరుచేస్తుంది. అది నైపుణ్యం అని ఎవరూ అనరు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ రెండో రకం. రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంతలోకి మనిషిని దింపడం నేరం. 2013లో చట్టం వచ్చింది. దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. సినిమాలో దిగిన మనిషి మీద జాలి చూపిస్తారు, దింపినవాడు ఎవరో చూపించరు. కెమెరా ఎప్పుడూ గుంతలోకే చూస్తుంది. పైన నిలబడి "దిగు" అన్న మనిషి వైపు తిరగదు. చూసినవాళ్లు ఇది వాళ్ల ఖర్మ అనుకుని ఇంటికి వెళ్తారు. అలా చనిపోయిన మా మేనమామ విషయంలో చుట్టుపక్కలవాళ్లు అదే మాట అన్నారు. కేసు పెట్టవచ్చని మాకు ఏడాది దాకా తెలియలేదు.

ప్యారిస్ కార్నర్ వకీలు

చెల్లీ, ఆ పరిహారం వచ్చిందా? రాకపోతే నాకు విడిగా మెసేజ్ పెట్టమ్మా. ఫీజు గురించి ఆలోచించొద్దు.

ఓఎమ్మార్ టెస్టర్

నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, సినిమాకు కొంత వదిలేయాలని ఇప్పటికీ అనుకుంటున్నా. కానీ నాకు నష్టం లేదు కాబట్టి ఎవరికీ లేదు అనుకోవడం తప్పు. సినిమాలో సాఫ్ట్‌వేర్ వాడు మరీ తెలివైనవాడిగా కనిపిస్తాడు, గుంతలోకి దిగేవాడిగా కనిపించడు. పొరపాటుగా చూపించినా నన్ను పైకే ఎత్తారు.

నిజానికి నా పని కూడా ఒక్కడిది కాదు. రిలీజ్ రాత్రి పన్నెండు మంది కాల్‌లో ఉంటాం. నేను బగ్ చూపిస్తే డెవలపర్ "నా మెషీన్‌లో బాగానే వస్తోంది" అంటాడు, ఇద్దరం కూర్చుని ఏ వెర్షన్‌లో తేడా వచ్చిందో తెల్లారేదాకా వెతుకుతాం. లోకో పైలట్ అన్న చెప్పిన రంగులు చెప్పుకోవడం లాంటిదే అది. సినిమాలో మిగతా పదకొండు మందినీ తీసేసి ఒక హీరోను కూర్చోబెట్టారు.

తెలుగు టీచరమ్మ

టెస్టర్ బాబు చెప్పిన చివరి మాట దగ్గరే నా గోడు కూడా ఉంది. నేను చెన్నైలో ఒక స్కూల్లో తెలుగు చెప్తాను. మన కాలేజీ సినిమాల్లో తెలుగు లెక్చరర్ అంటే పిల్లలు ఆటపట్టించడానికి పెట్టిన మనిషి. లేడీ లెక్చరర్ అయితే ఇంకా ఘోరం, క్లాసులో పిల్లలంతా నోరు తెరుచుకుని చూస్తుంటారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు నేను బోర్డు మీద రాస్తుంటే ఆ సినిమా డైలాగ్ అన్నాడు. అతనికి అది బూతని కూడా తెలియదు. టీచర్‌తో అలా మాట్లాడటం మామూలే అనుకున్నాడు.

బెత్తం కూడా. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. సినిమాలో ఇప్పటికీ మంచి మాస్టారు అంటే కొట్టే మాస్టారే. కొందరు తల్లిదండ్రులు వచ్చి "రెండు తగిలించండి మేడమ్, అప్పుడే మారతాడు" అంటారు. నేను కొట్టనంటే నాకు పిల్లల మీద పట్టింపు లేదనుకుంటారు.

సెంట్రల్–గూడూరు

ఇప్పుడే డ్యూటీ దిగాను. పుళియంతోపు చెల్లి రాసింది రన్నింగ్ రూమ్‌లో, అంటే మేము విశ్రాంతి తీసుకునే గదిలో, పైకి చదివాను, నలుగురం విన్నాం. మా అసిస్టెంట్ కుర్రాడు ఒక మాటన్నాడు, "ఇంజను దగ్గరికి రాళ్లు పట్టుకొచ్చినవాళ్లకూ ఆ సినిమాలే చూపించారు కదా అన్నా" అని. ఆ రాత్రి నుంచి వాళ్ల మీద ఉన్న కోపం నాకు కొంచెం తగ్గింది.

సాలిగ్రామం

సిస్టరమ్మా, ఒక విషయం. మా చెల్లెలి కొడుకు వెబ్ సిరీస్‌కు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నాడు. వచ్చే నెల హాస్పిటల్ సీను ఉందట. ఈ పేజీ మొత్తం వాడికి చదివి వినిపించాను. "మామయ్యా, ఆవిడ ఒక గంట మాట్లాడతారా, షాక్ లేకుండానే రాసుకుంటాను" అన్నాడు. డైరెక్టర్ ఒప్పుకుంటాడో లేదో నేను మాటివ్వలేను. కానీ కుర్రాడు అడిగాడు. నా సర్వీసు మొత్తంలో నేను అడగలేదు.

పెరంబూర్ సిస్టర్

తప్పకుండా మాట్లాడతాను బాబాయ్. అతనికి ముందుగా ఇది చెప్పండి. గుండె నొక్కడం వరకే తీసి ఆపేయొద్దు. డాక్టర్ టైమ్ చెప్పాక అందరూ వెళ్లిపోతారు, ఇద్దరు నర్సులం మిగులుతాం. మానిటర్ ఆపుతాం, ఆ శబ్దం పోతుంది. ట్యూబులు తీస్తాం. ముఖం తుడుస్తాం, కళ్లు మూస్తాం, గడ్డం కింద కట్టు కడతాం, దుప్పటి సరిచేస్తాం. మొన్న ఆ పెద్దాయన నుదుటి మీద విభూతి చెమటకు చెదిరిపోతే తడిబట్టతో తుడిచి, ఆయన సంచిలోనే ఉన్న పొట్లంలోంచి తీసి మళ్లీ పెట్టాను. తర్వాతే వాళ్లబ్బాయిని లోపలికి పిలిచాం. అతను అరుస్తూనే వచ్చి, నాన్న ముఖం చూసి ఆగిపోయాడు.

నాకు గురువారం దాకా నైట్ డ్యూటీ. పగలు పదకొండు దాటాక లేస్తాను, అప్పుడు ఫోన్ చేయమనండి.